పాత పికప్‌కు నేనిచ్చిన క్రాస్

పాత పికప్‌కు జాయింట్ క్రాస్ కావాలని ఎవరైనా మీ కౌంటరు ముందుకు వస్తే, మొదట అడగాల్సింది బండి ఏ సంవత్సరానిదని కాదు. కింద షాఫ్ట్ ఎప్పుడైనా మార్చారా అని. మార్చామన్నా, తెలియదన్నా, బండి కాగితాలు పక్కన పెట్టండి. వాళ్లు తెచ్చిన శాంపిల్‌ను కూడా పక్కన పెట్టండి. షాఫ్ట్‌నే విప్పి తెమ్మనండి. క్రాస్ కూర్చునే రంధ్రాన్ని కొలవండి. పాత చెప్పును కొలిచి కాలికి చెప్పులు అమ్మేవాడిని మీరు నమ్ముతారా? పాత క్రాస్‌ను కొలిచి కొత్తది ఇచ్చేవాడు కూడా అంతే.

ఈ మాట చెప్పే అర్హత నాకు ఉందా అంటే లేదు. ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులు అంటారు కదా, ఆ బాపతే నేను. కర్నూలులో ఒక స్పేర్ పార్టుల అంగట్లో ముప్పై ఏళ్లకు పైగా కౌంటరు వెనక నిలబడ్డాను. ఇదంతా చేరిన మూడో ఏటికే తెలుసు. తెలిసీ ఒకరోజు అడగలేదు. ఆ ఒకరోజు గురించే ఇది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పికప్‌కు ఇంజను ముందుంటుంది, తిరగాల్సింది వెనక చక్రాలు. రెంటినీ కలుపుతూ బండి కడుపు కింద ఒక పొడుగాటి ఇనుప గొట్టం తిరుగుతుంటుంది. అదే షాఫ్ట్. దాని రెండు కొసల్లోనూ చెవుల్లాంటి కొమ్ములు, ఆ చెవులకు రంధ్రాలు. ఆ రంధ్రాల్లో కూర్చునేది కూడిక గుర్తు ఆకారంలో, అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క. దాని నాలుగు కొసలకూ నాలుగు చిన్న కప్పులు. అదే క్రాస్. గుంతల రోడ్డు మీద షాఫ్ట్ పైకీ కిందికీ ఊగుతూ కూడా తిరుగుతుందంటే అది దీని పుణ్యం. కప్పు రంధ్రంలో బిగువుగా కూర్చోవాలి. వదులైతే ఒకరోజు ఊడుతుంది. ముందు కొస ఊడితే షాఫ్ట్ కిందపడి రోడ్డులో దిగబడుతుంది, బండి దాని మీద లేస్తుంది.

నేను చెప్పే పికప్ మోడలుకు కంపెనీవాళ్లు మధ్యలో షాఫ్ట్ మార్చారు. మొదట వచ్చిన బండ్లకు చిన్న క్రాస్, తర్వాత వచ్చినవాటికి పెద్దది. పెద్దదంటే ఎంతో కాదు, రెండు పెట్టెలూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి తేడా తెలియదు. మా గోడౌన్‌లో నాకంటే పదేళ్లు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరలన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఆ మోడలు పేరు చెబితే చాలు, అడిగినా అడగకపోయినా రెండు పెట్టెలూ తెచ్చి కౌంటరు మీద పెట్టి పోయేవాడు. మాట్లాడేవాడు కాదు. ఏది కావాలో తేల్చుకోవడం మన పని.

మా ఓనరుది పొలాలున్న కుటుంబం. ఊళ్లో సేద్యం తమ్ముడికి అప్పజెప్పి వచ్చి కర్నూలులో అంగడి పెట్టాడు. మనిషి మంచివాడు, శుభ్రం పిచ్చి. కౌంటరు మీద కొత్త అద్దం వేయించాడు. మెకానిక్కులు తెచ్చే శాంపిళ్ల గ్రీజంతా ఆ అద్దానికి అంటుతుంటే ఆయన ముఖం చూడలేక నేనే ఒక బోర్డు రాయించి తగిలించాను. "శాంపిల్ కడిగి తేవలెను. గ్రీజు అంటిన సరుకు వాపసు తీసుకొనబడదు." ఓనరు చూసి మురిసిపోయాడు. నేను అంతకంటే ఎక్కువ మురిశాను. కడగకుండా తెచ్చినవాళ్లను నలుగురిలో నిలబెట్టి నాలుగు మాటలు అనేవాడిని. అంతా నవ్వేవాళ్లు, నాకు బాగుండేది.

కోడుమూరు అవతలి పల్లె నుంచి ఒకాయన వచ్చేవాడు. కొద్దిగా భూమి, ఒక పాత పికప్. మూడో చేతో నాలుగో చేతో మారి ఆయన దగ్గరికి చేరిన బండి. వాన పడితే సేద్యం, పడకపోతే బాడుగ. ఉల్లిగడ్డలు మార్కెట్టుకు తోలేవాడు, ఆదివారం పక్క పల్లెల్లోని ముసలివాళ్లను ఎక్కించుకొని చర్చికి తీసుకుపోయేవాడు. నెమ్మదైన మనిషి. బోర్డు మీద ఏది రాసి ఉంటే అది చేసే రకం.

ఆయన బండి చూసే మెకానిక్‌ను అందరూ భాయ్ అనేవాళ్లు. కోడుమూరు రోడ్డులో రేకుల షెడ్డు. బడి ముఖం చూడలేదు, స్పానర్ల మీద అంకెలు తప్ప చదవలేడు. చెయ్యి పెడితే మాత్రం బేరింగు ఎన్నాళ్లు వస్తుందో చెప్పేవాడు. నాకూ ఆయనకూ పాతికేళ్ల స్నేహం. రంజాన్‌కు ఆయన ఇంటి నుంచి మా ఇంటికి సేమ్యా వచ్చేది.

ఒకరోజు పికప్ కింద గట్టిగా చప్పుడు వస్తుంటే భాయ్ ముందు క్రాస్‌ను కొట్టి కింద పడేసి, దాన్ని తీసుకొని కర్నూలుకు పోయి కొత్తది తెమ్మన్నాడు. అని ఇంకో బండి కిందికి దూరాడు. మన పికప్ ఆయన ఏం చేశాడు? నా బోర్డు గుర్తొచ్చింది. క్రాస్‌నూ కప్పులనూ కిరసనాయిల్లో నానబెట్టి, పుల్లతో సందులు గీకి, గుడ్డతో తుడిచాడు. కప్పుల చుట్టూ పల్చటి రేకు ముక్కలు అంటుకొని ఉంటే చెత్త అనుకొని పీకి పారేశాడట. ఆ రేకే అసలు సంగతి. ఆయన కొనకముందే ఎవరో ఆ బండికి తుక్కు అంగడి నుంచి పెద్ద రంధ్రాల షాఫ్ట్ తెచ్చి వేశారు, చెవులతో సహా. పెద్ద క్రాస్ దొరకలేదో, వెతికే ఓపిక లేదో, చిన్నది పెట్టి వదులు తెలియకుండా చుట్టూ రేకు చుట్టారు. ఆ రేకు నా కౌంటరు దాకా వచ్చుంటే నేను పట్టుకునేవాడిని. రాలేదు. నా బోర్డే రానివ్వలేదు.

ఆయన కాగితం పొట్లం విప్పాడు. క్రాస్ వెండి సామానులా మెరుస్తోంది.

"శాంపిల్ అంటే ఇట్లుండాల! సూడండప్పా అందరూ!" అన్నాను. చేత్తో పైకెత్తి చూపించాను కూడా. పాపం, ఆయన సిగ్గుపడి నవ్వాడు.

గోడౌన్ ఆయన అలవాటు ప్రకారం రెండు పెట్టెలూ తెచ్చాడు. నేను వెర్నియర్ తీశాను. అది ఇనుప కొలబద్ద, వెంట్రుకంత తేడా కూడా చూపిస్తుంది. శాంపిల్ కొలిచాను. చిన్నది. పెద్ద పెట్టెను పక్కకు నెట్టాను.

"అన్నా, బండి శానా పాతది. నంబరు ఏమన్నా సూస్తావా?" అన్నాడాయన.

"నంబరెందుకప్పా, సరుకే చేతిలో ఉంటే?" అన్నాను.

మధ్యాహ్నానికి ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి క్రాస్‌కు గ్రీజు అంటి ఉంది.

"కప్పు ఆడతాండాదంట అన్నా. రోంత పెద్దది ఇమ్మన్నాడు భాయ్."

అంగట్లో జనం ఉన్నారు. నలుగురి ముందు ఇచ్చిన సరుకు తప్పంటే నాకు ఒళ్లు మండింది. పాత క్రాస్, కొత్త క్రాస్ రెండూ వెర్నియర్‌లో పెట్టి ఆయన ముఖం ముందు ఆడించాను.

"ఇది నీ శాంపిల్, ఇది నేనిచ్చింది. యాడుండాది తేడా? నీ షాఫ్ట్ చెవులు అరిగిపోయినాయి. షాఫ్టే మార్చుకోమని చెప్పు మీ భాయ్‌కి. గ్రీజు అంటింది వాపసు తీసుకోము, బోర్డు సూడలేదా?"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పెద్ద పెట్టె ఇంకా కౌంటరు మీదే, నా మోచేతి పక్కనే ఉంది. గోడౌన్ ఆయన దాన్ని వేలితో ఒకసారి నా వైపు జరిపాడు. నేను కోపంగా చూస్తే తీసుకొని లోపలికి వెళ్లిపోయాడు. పికప్ ఆయన కూడా ఆ క్రాస్‌ను పొట్లం కట్టుకొని వెళ్లిపోయాడు.

షాఫ్ట్ మార్చడమంటే మాటలు కాదు. భాయ్ ఏం చేయగలడు? ఆయన కూడా రేకు కత్తిరించి చుట్టాడు. "లోడు ఎత్తొద్దు, మెల్లగా తోలు, కోత అయినాక షాఫ్ట్ సూద్దాం" అని చెప్పాడట. పికప్ ఆయన వారం రోజులు మాట విన్నాడు. తర్వాత మబ్బు పట్టింది. కోసిన ఉల్లిగడ్డలు కళ్లంలో ఉన్నాయి. తడిస్తే అంతే సంగతులు. బండికి ఎత్తాడు. బస్తాల మీద భార్య కూర్చుంది.

కర్నూలు ఇంకా రాకముందే, మిట్ట దిగే చోట కప్పు ఊడింది. షాఫ్ట్ రోడ్డులో దిగబడింది. బండి ఎగిరి పక్కకు పడింది. ఆయనకు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఆమె కుడిచెయ్యి బండి అంచు కింద నలిగింది. పెద్దాస్పత్రిలో మోచేతి దాకా తీసేశారు.

నాకు ఈ కబురు మూడోనాడు తెలిసింది. ఏ బండి అని అడిగాను, చెప్పారు. అన్నం తినకుండా లేచిపోయాను. కానీ ఆస్పత్రికి పోలేదు. ఎందుకు పోలేదని అప్పట్లో నన్ను నేను అడుక్కోలేదు.

పదిరోజుల తర్వాత అంగడి తెరిచిన గంటకు ముగ్గురొచ్చారు. పికప్ ఆయన, ఆయన బావమరిది, భాయ్. బావమరిది కుర్రతనం దాటినవాడే, కానీ మనిషి నిప్పులా ఉన్నాడు. విరిగిన షాఫ్ట్‌ను భుజాన మోసుకొచ్చి మట్టితో, గ్రీజుతో సహా ఆ అద్దం మీద పెట్టాడు. ఓనరు అద్దం వైపు చూడనైనా లేదు.

"మా యక్క చెయ్యి పోయింది. తప్పు ఎవరిదో ఈ పొద్దు తేలాల," అన్నాడు బావమరిది. "సామాను తప్పు ఇచ్చినారా, మేస్త్రీ తప్పు బిగించినాడా? ఎవురిదైతే వాళ్ల మీద కేసు పెడతా."

భాయ్ ముందుగానే చెప్పేశాడు. "రేకు పెట్టింది నేనే. అబద్ధం ఎందుకు? ఇచ్చిన క్రాస్ చిన్నది, ఆడతాండాది. వాపసు పంపించినా, తీసుకోలేదు. పెట్టినా. రంధ్రం కొలిచి సూడు అన్నా, నీకే తెలుస్తాది."

ఓనరు వెర్నియర్ తీసి నా చేతికిచ్చాడు. "నువ్వే సూడప్పా. ఉండేది ఉన్నట్ల చెప్పు," అన్నాడు. ఇది గట్టిగా చెప్పాలి. అబద్ధమాడమని నన్ను ఎవరూ అడగలేదు. ఓనరు కూడా అడగలేదు. ఆయన మీద తోసేద్దామంటే ఆ దారి కూడా నాకు లేదు.

ముందు కొస చితికిపోయింది, దాన్ని కొలిచి లాభం లేదు. వెనక కొస చెక్కుచెదరలేదు. దాని రంధ్రంలో వెర్నియర్ పెట్టాను. గీత చూశాను. పెద్ద క్రాస్ కొలత, ఇటు వెంట్రుక లేదు, అటు వెంట్రుక లేదు. కంపెనీలో కోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అక్కడున్నవాళ్లలో ఆ గీతలు చదవడం వచ్చినవాడిని నేనొక్కడినే. ఓనరుకు కూడా రాదు. అందరూ నా నోరు చూస్తున్నారు. నాకు కేసు కనబడింది, పోలీస్ స్టేషన్ కనబడింది, అందరికంటే ముందు నేను నలుగురిలో నవ్వులపాలు చేసిన మెకానిక్కులంతా కనబడ్డారు.

"అరిగిపోయింది," అన్నాను. "రంధ్రం పెద్దదైంది. క్రాస్ సరైందే."

భాయ్ నమ్మలేనట్టు చూశాడు. చిటికెన వేలు రంధ్రంలో పెట్టి చుట్టూ తిప్పాడు.

"అరిగింటే కోలగా ఉంటాది గదన్నా. ఇది గుండ్రంగా ఉండాది. ఇంకోతూరి సూడు."

"ఏం భాయ్, వేలితో కొలిచేదీ దీంతో కొలిచేదీ ఒకటేనా?" అన్నాను.

బావమరిది వెటకారంగా నవ్వాడు. పాతికేళ్ల స్నేహితుడి మీద ఇంకొకడి చేత నవ్వించాను. భాయ్ వేలు బయటికి తీసి తన అంగీకే తుడుచుకున్నాడు.

"సరే. నేను సదువుకోలేదు. నువ్వు ఏం సూసినావో అది నీకు తెల్సు," అన్నాడు. అంతే. గోడౌన్ ఆయన తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు.

కేసు పడలేదు. పికప్ ఆయనే వద్దన్నాడట. కానీ మాట ఊరికే ఉంటుందా? భాయ్ రేకు పెట్టి ఒక ఆడమనిషి చెయ్యి తీసేశాడని కోడుమూరు దారంతా పాకింది. షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. స్థలం ఇచ్చినాయన ఖాళీ చేయమన్నాడు. ఏడాది తిరక్కుండా భాయ్ సామాన్లు సర్దుకొని రాయచోటిలో అల్లుడి పంక్చర్ అంగడికి వెళ్లిపోయాడు. ఇంజను విప్పి మళ్లీ కూర్చిన చేతులు ట్యూబులకు అతుకులు వేయడానికి పోయాయి. వెళ్లేముందు నాతో చెప్పలేదు. ఆ ఏడు సేమ్యా రాలేదు. ఏం భాయ్ సేమ్యా పంపలేదని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. నేను విననట్టు పేపరు చదువుకున్నాను.

గోడౌన్ ఆయన నన్ను ఏమీ అనలేదు. ఆ మోడలు క్రాస్ అడిగినప్పుడల్లా రెండు పెట్టెలూ తెచ్చి, రెండూ విప్పి, నేను కొలిచేదాకా అక్కడే నిలబడేవాడు. రిటైరయ్యేదాకా అదే. అంతకుముందు పెట్టి వెళ్లిపోయేవాడు. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాడిని, అయిపోయేది.

పికప్ ఆయన మాత్రం రావడం మానలేదు. బండి బాగు చేయించుకున్నాడు. షాఫ్ట్ మా అంగట్లోనే కొన్నాడు. దానికి క్రాస్ నేనే ఏరి ఇచ్చాను, రెండుసార్లు కొలిచి. తర్వాత పదేళ్లకు పైగా నెలకో రెండు నెలలకో ఏదో ఒక సామానుకు వచ్చేవాడు. అన్నా అని పిలిచేవాడు. ఆమె ఎట్లుందని అడిగితే, "ఉండాదన్నా, ఎడం చేత్తో అన్నీ చేసుకుంటాది," అనేవాడు. నాకు హాయిగా ఉండేది. ఈయనకు తెలియదులే అనుకునేవాడిని. కొన్నాళ్లకు, తెలిసినా మన్నించి ఉంటాడులే అనుకునేవాడిని. మనిషి మనసు తనకు కావాల్సిన చోట దిండు వేసుకుంటుంది.

పోయిన ఏడాది నేను పని మానేశాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆ రంధ్రమే కళ్లముందు. ఒకరోజు బస్సెక్కి వాళ్ల పల్లెకు పోయాను. ఆయన బాడుగకు పోయాడు. ఆమె వాకిట్లో కూర్చొని ఎడమచేత్తో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కాలివేళ్ల మధ్య కాయ పట్టుకొని నొక్కుతోంది, నాకంటే వేగంగా. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది.

నేను ఎక్కువ నాన్చలేదు. "తల్లీ, ఆ దినం రంధ్రం అరగలేదు. నేను తప్పు క్రాస్ ఇచ్చినా. అబద్ధం చెప్పినా," అన్నాను.

ఆమె ఒలవడం ఆపలేదు. "మాకు తెల్సన్నా."

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దుట్నుంచే. భాయ్ మీ అంగడి నుంచి ఆస్పత్రికి వచ్చి, రంధ్రం అరగలేదని చెప్పినాడు. రేకు పెట్టింది నా తప్పే తల్లీ అని నా మంచం కాడ ఏడ్చినాడు."

"మరి మీ ఆయన... ఇన్నేండ్లు నా కాడికి వచ్చినాడు. ఒక్క మాట అనలేదు."

ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"ఏమంటాడన్నా? ఆ పాత బండికి సామాను దొరికేది మీ అంగడొక్కటే. నీతో కొట్లాడి బండి యాడ నిలబెట్టుకునేది? బండి నిలబడితే మేము తినేదేమి? నిన్ను అన్నా అనకపోతే నువ్వు ఇంకో తప్పు సామాను ఇస్తావని ఆయప్పకు భయం."

పదేళ్లకు పైగా నేను మన్నింపు అనుకున్నది భయం. కాళ్లు పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు.

"భాయ్ కాడికి పోయినావా?" అని అడిగింది.

"లేదు."

"మొదట ఆడికి పోవాల గదన్నా. నా చెయ్యి నువ్వొక్కడివే తీయలేదు. వానొచ్చింది, బరువెత్తినాము, మా తప్పూ ఉండాది. ఆయప్ప బతుకు మాత్రం నువ్వొక్కడివే తీసినావు. పోయి ఆయప్పకు చెప్పు. చెప్పినాక మా ఇంటికి రా, అన్నం పెడతా."

ఆ రోజు మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను.

వారానికి బయలుదేరాను. కర్నూలు నుంచి కడప దాకా కిటికీ పక్కన కూర్చొని చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. కడప బస్టాండులో దిగాను. రాయచోటి బస్సు నిలబడి ఉంది. కండక్టరు ఊరి పేరు అరుస్తున్నాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆ బస్సు పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. మూడోది పోయాక లేచి, కర్నూలు బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఆయన నవ్వి ఊరుకుంటే ఎట్లా, తిడితే ఎట్లా అని కాదు. అల్లుడి ముందు, పంక్చర్ల నీళ్లతొట్టి పక్కన, ఆ చేతులు చూడాల్సి వస్తుందని.

కౌంటరు వెనక నిలబడే పిల్లలకు ఇదంతా ఎందుకు రాశానంటే, జాగ్రత్తగా కొలవమని చెప్పడానికి. రాసేటప్పుడు అంతే అనుకున్నాను. కానీ ఇంకొకటి చెప్పకుండా ఆపితే ఇది కూడా కడిగి తెచ్చిన శాంపిలే అవుతుంది.

కడప నుంచి వచ్చిన మర్నాడు ఆమె ఫోన్ చేసింది. "పోయొచ్చినావా అన్నా?" అని అడిగింది.

"పోయొచ్చినా తల్లీ," అన్నాను. "చెప్పినా. భాయ్ బాగుండాడు."

ఆమె ఏడుస్తున్నట్టు తెలిసింది. "మంచి పని చేసినావన్నా. ఆదివారం ఇంటికి రా," అంది.